జారే చక్రం, కదలని బండి

దమ్ము చేసే పొలంలో ట్రాక్టరు దిగబడడం మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక చక్రాల్లో ఒకటి బురదను చిమ్ముతూ గిర్రున తిరుగుతుంటుంది. రెండోది గట్టి నేల మీదే ఉంటుంది, కాని అది కదలదు. ఇంజను గర్జిస్తూనే ఉంటుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు డ్రైవరు కాలి దగ్గరున్న ఒక పెడల్‌ను తొక్కుతాడు. వెంటనే రెండు చక్రాలూ కలిసి తిరిగి, ట్రాక్టరు మెల్లగా బయటికి వస్తుంది.

బలమంతా ఇంజనులోనే ఉంది. గట్టి నేల కూడా ఒక చక్రం కిందే ఉంది. మరి ఆ పెడల్ తొక్కేవరకూ బండి ఎందుకు కదలలేదు?

ఇదే ప్రశ్న అమెరికాలో పాత పికప్ ట్రక్కులు నడిపేవారికి మంచుకాలంలో ఎదురవుతుంది. పికప్ అంటే ముందు డ్రైవరు గది, వెనక సామాను వేసుకునే తెరచిన తొట్టి ఉన్న బండి. షెవ్రొలే కంపెనీ సి-10, ఫోర్డ్ కంపెనీ ఎఫ్-100 ఇటువంటివి. తయారై యాభై ఏళ్లు దాటినా అభిమానులు వాటిని బాగుచేసి నడుపుతూనే ఉన్నారు. అటువంటి ట్రక్కు ఒకటి మన చేతికి వచ్చిందనుకుందాం. దాని వెనక ఇరుసులో ఏముందో ఎలా కనిపెట్టాలి? మార్చాలంటే ఏది ఎంచుకోవాలి? జవాబు తెలియాలంటే ముందు చక్రాల సంగతి తెలియాలి.

మలుపులో లెక్క

బండి తిన్నగా పోతున్నప్పుడు రెండు వెనక చక్రాలూ ఒకే దూరం పోతాయి. మలుపు తిరిగేటప్పుడు అలా కాదు. బయటి చక్రం పెద్ద వృత్తం మీద, లోపలి చక్రం చిన్న వృత్తం మీద నడుస్తాయి.

రెండు చక్రాల మధ్య దూరం 1.6 మీటర్లు అనుకోండి. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం ఎంత ఎక్కువ దూరం పోతుంది? వృత్త పరిధి సూత్రం మీకు తెలుసు కదా. పెద్ద పరిధిలోంచి చిన్న పరిధిని తీసివేయండి. వ్యాసార్ధం కొట్టుకుపోయి, 2 × 3.14 × 1.6, అంటే సుమారు 10 మీటర్లు మిగులుతుంది. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. చక్రం వ్యాసం 0.7 మీటర్లయితే దాని పరిధి 2.2 మీటర్లు. అంటే బయటి చక్రం లోపలి దానికంటే దాదాపు నాలుగున్నర చుట్లు ఎక్కువ తిరగాలి.

ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరగదు, చక్రాలు దేనికది ఇరుసు మీద తిరుగుతాయి. మోటారు బండిలో చక్రాలను తిప్పేదే ఇరుసు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే మలుపులో ఏదో ఒక టైరు నేలమీద ఈడ్చుకుపోవాలి. టైర్లు అరుగుతాయి, ఇరుసు మెలిపడుతుంది, బండి తిరగనని మొరాయిస్తుంది.

ఇంజను బలం రెండు చక్రాలకూ అందాలి, అయినా అవి వేర్వేరు వేగాలతో తిరగగలగాలి. ఈ రెండు కోరికలనూ ఒకేసారి తీర్చే పరికరమే డిఫరెన్షియల్. దానిని ఆవిరి బండి కోసం 1820ల చివర ఫ్రాన్సులో పెకెర్ అనే గడియారాల నిపుణుడు పేటెంటు చేశాడు.

గుండ్రటి పెట్టెలో ఏముంది?

లారీ వెనక చక్రాల మధ్య కుండలా ఉబ్బిన ఇనుప పెట్టెను చూశారు కదా. దానిని మెకానిక్కులు హౌసింగ్ అంటారు. ఇంజను నుంచి వచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్‌కు ఒక ఇనుప గూడు బిగించి ఉంటుంది. దానిని కేజ్ అందాం. కేజ్ లోపల అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీ మీద స్వేచ్ఛగా తిరిగే స్టార్ గేర్లు ఉంటాయి. వాటికి అటూ ఇటూ రెండు సన్ గేర్లు. ఒక్కొక్క సన్ గేరుకు ఒక్కొక్క చక్రపు ఇరుసు కడ్డీ అమరి ఉంటుంది.

తిన్నగా పోయేటప్పుడు స్టార్ గేర్లు తమ కడ్డీ మీద తిరగవు. కేజ్‌తోపాటు మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది. మలుపులో స్టార్ గేర్లు కొద్దిగా దొర్లి, లోపలి చక్రం ఎంత తగ్గిందో బయటి చక్రానికి అంత కలుపుతాయి. కాబట్టి రెండు చక్రాల చుట్ల సగటు ఎప్పుడూ కేజ్ చుట్లకు సమానం. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

సమానంగా పంచడంలో వచ్చిన చిక్కు

చుట్లను డిఫరెన్షియల్ ఎలాగైనా పంచుతుంది. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, మాత్రం రెండు చక్రాలకూ సరిసమానంగానే పంచుతుంది. ఎందుకు?

ఎద్దుల కాడిని తలచుకోండి. నొగకు ఒకే మేకుతో తగిలించి, అటూ ఇటూ స్వేచ్ఛగా తిరిగే కాడి అనుకోండి. మేకు నుంచి రెండు కొసలకూ సమాన దూరం. ఒక ఎద్దు కాలు జారి లాగడం మానేసింది. రెండో ఎద్దు ఎంత బలమైనదైతేనేం? అది లాగినకొద్దీ కాడి పక్కకు తిరిగిపోతుందే తప్ప బండి కదలదు. జారిన ఎద్దు ఎంత లాగగలదో, బలమైన ఎద్దు బలంలో అంతే బండికి అందుతుంది. స్టార్ గేరు కూడా మధ్యలో కడ్డీ, రెండు వైపులా సమానమైన చేతులు ఉన్న చిన్న కాడి వంటిదే.

ఇక మన పికప్‌కు వద్దాం. ఇంజను ముందుంది, తొట్టి ఖాళీగా ఉంది. కనుక బరువులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. తోసే పని మాత్రం వెనక చక్రాలది! ఒక్కొక్క వెనక చక్రం మీద 3500 న్యూటన్ల భారం ఉందనుకుందాం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8, మంచుగడ్డ మీద 0.1 అనుకుందాం. పొడి రోడ్డు మీది చక్రం 2800 న్యూటన్ల బలంతో బండిని తోయగలదు. మంచు మీది చక్రం 350 న్యూటన్లకే జారుతుంది.

రెండూ కలిపితే 3150 అని మీరనవచ్చు. కాని డిఫరెన్షియల్ సమానంగానే పంచుతుంది కదా! మంచు మీది చక్రం 350 దగ్గర జారగానే రెండోదానికీ 350 మాత్రమే అందుతుంది. మొత్తం 700. ఒక చిన్న మిట్ట ఎక్కడానికి 1000 న్యూటన్లు కావాలంటే ట్రక్కు అక్కడే ఆగిపోతుంది.

పైగా మరో ప్రమాదం ఉంది. ఒక చక్రం ఆగి ఉంటే, సగటు సూత్రం ప్రకారం రెండోది కేజ్‌కు రెట్టింపు వేగంతో తిరగాలి. ఈ పాత ట్రక్కుల్లో స్పీడోమీటరు ప్రొపెల్లర్ షాఫ్టు వేగాన్నిబట్టి లెక్క చూపుతుంది. అది గంటకు 50 అని చూపుతుంటే జారే చక్రం 100 వేగంతో తిరుగుతున్నదన్నమాట! కోపంతో ఆక్సిలరేటరు తొక్కేవారి టైర్లు చెడేదీ, స్టార్ గేర్లు కాలిపోయేదీ ఇందుకే.

జారుడుకు పగ్గం

ట్రాక్టరు డ్రైవరు తొక్కిన పెడల్ రెండు ఇరుసు కడ్డీలనూ ఒకటిగా బిగించింది. కాడిని నొగకు కదలకుండా కట్టేయడం వంటిదిది. కాని బిగించి ఉన్నంతసేపూ బండి సరిగా మలుపు తిరగదు. అందుకే గట్టునపడగానే పెడల్ వదిలేయాలి. రోడ్డు మీద వేగంగా పోయే బండికి ఇది పనికిరాదు. పూర్తి స్వేచ్ఛా వద్దు, పూర్తి బంధమూ వద్దు. మలుపుకు చాలినంత స్వేచ్ఛ ఇస్తూ, విపరీతంగా జారకుండా పట్టి ఉంచేది కావాలి. దానినే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటారు. జారుడుకు హద్దు పెట్టినదని అర్థం.

దీని అవసరం మొదట పందెం కార్లకు గట్టిగా తెలిసివచ్చింది. 1930లలో ఆటో యూనియన్ పందెం కారులో ఇంజను బలానికి ఒక చక్రం ఊరికే తిరిగిపోతుంటే, ఫెర్డినాండ్ పోర్షే 1935లో జెడ్.ఎఫ్. అనే జర్మన్ కంపెనీ చేత ఇటువంటి డిఫరెన్షియల్‌ను చేయించాడు. అమెరికాలో 1956లో స్టూడ్‌బేకర్-ప్యాకర్డ్ కంపెనీ మామూలు కార్లకు దీనిని అందించింది. తరువాత ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. షెవ్రొలే వారిది పాజిట్రాక్షన్, ఫోర్డ్ వారిది ట్రాక్షన్-లాక్, డాడ్జ్ వారిది షూర్-గ్రిప్. పేరు ఏదైనా పని ఒకటే.

పాత పికప్‌లలో తరచు కనిపించేది ప్లేట్ల రకం. సన్ గేరుకూ కేజ్‌కూ మధ్య పలుచని ఉక్కు ప్లేట్లు దొంతరగా ఉంటాయి. ఒక ప్లేటు గేరుతో, తరువాతది కేజ్‌తో తిరుగుతాయి. స్ప్రింగులు వాటిని కొంత నొక్కి ఉంచుతాయి. ఇంజను బలం పెరిగినప్పుడు గేర్ల పళ్లు ఒకదానినొకటి పక్కకు తోసుకుని ప్లేట్లను ఇంకా గట్టిగా నొక్కుతాయి. చక్రం జారబోతే ప్లేట్ల మధ్య ఘర్షణ అడ్డుపడి, ఆ బలాన్ని పట్టు ఉన్న చక్రానికి మళ్లిస్తుంది.

దీనిని ఇంట్లోనే తెలుసుకోవచ్చు. రెండు నోటుపుస్తకాలు తీసుకుని, ఒకదాని పేజీ మీద రెండోదాని పేజీ వచ్చేట్టు ఒక్కొక్కటిగా అల్లండి. అట్టలు పట్టుకుని లాగండి. పది పేజీలయితే సులువుగా వస్తాయి. వంద పేజీలయితే ఇద్దరు లాగినా రావడం కష్టం. రాసుకునే ముఖాలు పెరగడం ఒక కారణం. ఏటవాలుగా సర్దుకున్న పేజీలు లాగినకొద్దీ గట్టిగా నొక్కుకోవడం ఇంకో కారణం. ప్లేట్ల దొంతరలోనూ ఇదే జరుగుతుంది.

రెండో రకం శంకువులది. ప్లేట్లకు బదులు శంకువు ఆకారపు ముక్క అదే ఆకారపు గుంటలో కూర్చుని రాసుకుంటుంది. మూడోది గేర్ల రకం. ఇందులో ప్లేట్లుండవు. మరమేకు వలె వంపు పళ్లున్న గేర్లు బలం పడినప్పుడు కేజ్ గోడలకు ఒత్తుకుని పట్టేస్తాయి. అమెరికాలో వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో పేటెంటు పొందిన టోర్సెన్ ఈ జాతిదే. నాలుగోది దానంతటదే బిగుసుకునే లాకర్. జనరల్ మోటార్స్ ట్రక్కుల్లో 1973 నుంచి వచ్చిన ఈటన్ కంపెనీ గవ్-లాక్ దీనికి ఉదాహరణ. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి చిన్న తూనికలు విచ్చుకుని కొక్కేన్ని పడేస్తాయి, చక్రాలు ఒకటవుతాయి. బండి గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగం దాటితే అది బిగుసుకోదు.

మన ట్రక్కులో ఏముంది?

1967–72 నాటి సి-10 మన ముందుందనుకోండి. మొదట కాగితం చూడాలి. డాష్‌బోర్డులోని చిన్న అర తలుపు లోపల ఆ బండికి ఫ్యాక్టరీలో అమర్చిన ప్రత్యేక భాగాల చీటీ అంటించి ఉంటుంది. అందులో జి80 అనే గుర్తు ఉంటే పాజిట్రాక్షన్‌తో పుట్టిన బండి అన్నమాట. ఫోర్డ్ అయితే ఇరుసు బోల్టుకు చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. దానిమీద అంకెల మధ్య ఎల్ అక్షరం, ఉదాహరణకు 3ఎల్50 అని ఉంటే జారుడుకు హద్దున్న రకం, నిష్పత్తి 3.50 అని అర్థం. కాని యాభై ఏళ్లలో ఎవరైనా ఇరుసునే మార్చి ఉండవచ్చు. చీటీ చెప్పేది పుట్టుక సంగతి, ఇప్పటి సంగతి కాదు.

రెండవది ఆకారం. సి-10 హౌసింగ్ వెనక మూతకు బోల్టులు లెక్కపెట్టండి. పన్నెండు ఉంటే అది 12-బోల్టుల ఇరుసు. దాని క్రౌన్ వ్యాసం 8.875 అంగుళాలు, అంటే సుమారు 225 మిల్లీమీటర్లు. ఫోర్డ్ వారి పేరుపొందిన 9 అంగుళాల ఇరుసుకు వెనక తీసే మూతే ఉండదు. గేర్ల భాగమంతా ముందువైపు నుంచి ఒకే ముద్దగా బయటికి వస్తుంది.

మూడవది చేతి పరీక్ష. దీనికి పెద్దవాళ్లు దగ్గర ఉండాలి. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక చక్రాలు రెండింటినీ లేపి, ఇరుసును గట్టి స్టాండ్ల మీద ఆనించాలి. జాకీని నమ్ముకుని బండి కింద ఎవ్వరూ దూరకూడదు. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిక్కుకు తిరిగితే అది మామూలు డిఫరెన్షియల్. కేజ్ కదలకపోతే సగటు సున్నా, కనుక ఒకటి ముందుకు తిరిగితే రెండోది వెనక్కి తిరగాలి కదా! రెండూ ఒకే దిక్కుకు తిరిగితే మధ్యలో పట్టు ఉన్నట్టు.

అయితే ఈ పరీక్షను గుడ్డిగా నమ్మరాదు. గవ్-లాక్ మెల్లగా తిప్పితే బిగుసుకోదు, కనుక మామూలుదానిలాగే కనిపిస్తుంది. గేర్ల రకం కూడా బలం పడనిదే పట్టదు. ప్లేట్లు అరిగిపోయినదీ మామూలుదానిలాగే తిరుగుతుంది. ఇంకోవైపు, ఎవరో వెల్డింగుతో కట్టేసిన డిఫరెన్షియల్‌లో కూడా చక్రాలు ఒకే దిక్కుకు తిరుగుతాయి. ఒక పరీక్ష తాను అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. మిగిలిన అనుమానం తీరాలంటే నూనె తీసి మూత విప్పి చూడవలసిందే. రెండు సన్ గేర్ల మధ్య స్టార్ గేర్లూ కడ్డీ తప్ప ఏమీ లేకపోతే అది మామూలుది. వాటి మధ్య స్ప్రింగులు కనిపిస్తే ప్లేట్ల రకమో, శంకువుల రకమో. ఒక పక్కన గుండ్రంగా తిరిగే చిన్న తూనికలు కనిపిస్తే గవ్-లాక్.

మూత విప్పినప్పుడే పళ్లు లెక్కపెట్టుకోవాలి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 ఉంటే నిష్పత్తి 3.73. అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్టు మూడు ముప్పాతిక చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క వృథా కాదు. నిష్పత్తి మారితే క్రౌన్ మందం మారుతుంది, దానికి తగ్గ కేజ్ కావాలి. ఇరుసు కడ్డీ కొసన ఉండే గాడుల సంఖ్య కూడా కలవాలి. 12-బోల్టులదానికి 30, ఫోర్డ్ 9 అంగుళాలదానికి 28 లేక 31. ఇవి చూడకుండా కొన్న ఖరీదైన పరికరం బల్లమీద అలంకారంగా మిగిలిపోతుంది.

ఏది ఎంచుకోవాలి?

ఇక్కడ మన ఉదాహరణకు తిరిగి వద్దాం. ఒక లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పట్టు ఉన్న చక్రానికి జారే చక్రం కంటే రెండున్నర రెట్లు టార్క్ పంపగలదనుకోండి. మంచు మీది చక్రానికి 350, పొడి రోడ్డు మీదిదానికి 875. మొత్తం 1225. కావలసింది 1000. ట్రక్కు మిట్ట ఎక్కింది!

ఇప్పుడు ఒక చక్రం గోతిమీద గాలిలో తేలిందనుకోండి. అక్కడ పట్టు సున్నా. సున్నాకు రెండున్నర రెట్లు ఎంత? సున్నాయే! గేర్ల రకానికి ఉన్న బలహీనత ఇదే. అప్పుడు డ్రైవరు బ్రేకును కొద్దిగా నొక్కి, గాలిలోని చక్రానికి కాస్త భారం కల్పించాలి. ప్లేట్ల రకానికి స్ప్రింగుల నొక్కుడు ఎప్పుడూ ఉంటుంది కనుక గాలిలో చక్రం ఉన్నా కొంత బలం రెండోదానికి పోతుంది. లాకర్‌కు అసలు ఈ బాధే లేదు.

అలాగైతే లాకర్ వేసేస్తే పోలేదా? తొందరపడకండి. జారుతూ తిరిగే టైరు ముందుకు తోయలేకపోవడమే కాదు, పక్కకు జారకుండా నిలవనూ లేదు. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం తిరిగిపోతున్నా, రెండోది నేలను పట్టుకుని బండి తోకను నిలుపుతుంది. రెండు చక్రాలూ బిగిసి ఉండి, రెండూ మంచు మీదే ఉంటే రెండూ కలిసి జారుతాయి. ఖాళీ తొట్టి ఉన్న పికప్ వెనకభాగం రోడ్డు వాలు వైపుకు జారిపోతుంది. బండిని కదిలించే పరికరమే బండిని కాలువలో పడేయవచ్చు. పైగా బలమంతా ఒకే ఇరుసు కడ్డీ మీద పడితే అది విరగవచ్చు. 12-బోల్టుల ఇరుసులో కడ్డీలను లోపల చిన్న సి-ఆకారపు క్లిప్పులే పట్టి ఉంచుతాయి. కడ్డీ విరిగితే చక్రంతో సహా బయటికి జారిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి ముందు అడగవలసిన ప్రశ్న “ఏది బలమైనది?” అని కాదు, “నా చక్రం ఎక్కడ జారుతోంది?” అని. రోడ్డు మీద వాన, పలుచటి మంచు అయితే మెత్తగా పట్టే గేర్ల రకం మంచిది. దానిలో అరిగే ప్లేట్లు లేవు, ప్రత్యేకమైన నూనె కూడా సాధారణంగా అక్కరలేదు. రోడ్డూ పొలమూ రెండూ తిరిగే బండికి ప్లేట్ల రకం సరిపోతుంది. కాని దానికి ఘర్షణను సరిచేసే ద్రవం కలిపిన నూనె పోయాలి. లేకపోతే మలుపుల్లో ప్లేట్లు పట్టి వదులుతూ టకటకమని కొట్టుకుంటాయి. ప్లేట్లు అరిగితే కొత్తవి వేసుకోవచ్చు. శంకువుల రకంలో ఆ సౌకర్యం తక్కువ. రాళ్లూ గోతుల్లో చక్రం తరచు గాలిలో తేలే బండికే లాకర్. అప్పుడప్పుడూ ఎండరోజున మాత్రమే బయటికి తీసే బండికి మామూలు డిఫరెన్షియల్, మంచి టైర్లు చాలు.

ఒక్క హెచ్చరిక. వెనక ఇరుసులో హద్దున్న రకం ఉంటే, ఒక చక్రం మాత్రమే లేపి, ఇంజను నడుపుతూ గేరు వేయరాదు. నేలమీది చక్రానికి బలం అంది బండి జాకీ మీది నుంచి దూకేస్తుంది. ఇరుసులో ఏముందో తెలియకపోతే ఉన్నదనే అనుకోవాలి.

మీరే లెక్క కట్టండి

1. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో కుడి చక్రం నేలమీద కదలకుండా ఉంది. నిష్పత్తి 3.73. ఎడమ చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుంది?

2. జారే చక్రం 400 న్యూటన్లకే జారుతుంది. పట్టు ఉన్న చక్రం 2000 న్యూటన్ల వరకు తట్టుకుంటుంది. మూడు రెట్లు పంపగల డిఫరెన్షియల్ ఉంటే బండిని తోసే మొత్తం బలం ఎంత? మామూలుదైతే ఎంత?

జవాబులు: 1. కేజ్ అర చుట్టే తిరుగుతుంది కనుక షాఫ్టు 1.865 చుట్లు తిరుగుతుంది. 2. 400 + 1200 = 1600 న్యూటన్లు. మామూలుదైతే 800 న్యూటన్లు.